ఎవరి పందిట్లో పాడుతున్నాం? గల్ఫ్ పిలుపుల వెనక హక్కుల లెక్క

పెనుకొండలో అన్నమయ్యకు ఎదురైన పరీక్ష మన సీమలో చాలామందికి తెలిసిన కథే. సాళువ నరసింగరాయలు పిలిపిస్తే తాళ్లపాక అన్నమాచార్యులు వెళ్లాడు. సభలో కూర్చుని వేంకటేశ్వరుడి మీద శృంగార పదం పాడాడు. రాజు మురిసిపోయి, ఇలాంటిదే నా మీద ఒకటి చెప్పమన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. సంకెళ్లు పడ్డాయి. మనవడు చిన్నన్న రాసిపెట్టిన ఈ కథను మనం భక్తికథగానే వింటాం. కళాకారుడికీ పాలకుడికీ మధ్య గీత ఎక్కడ పడుతుందో కూడా ఇందులో కచ్చితంగా ఉంది. రాజు పిలిస్తే రానని అన్నమయ్య అనలేదు. రాజు ముందు పాడననీ అనలేదు. రాజును పాడనన్నాడు, అంతే.

మానవ హక్కుల విషయంలో చెడ్డపేరున్న దేశానికి వెళ్లి ఆడొచ్చా, పాడొచ్చా అన్న గొడవ లేచిన ప్రతిసారీ రెండే మాటలు వినబడతాయి. కళకు ఎల్లల్లేవని ఒకరంటారు, అది నెత్తుటి కూడని ఇంకొకరంటారు. ఇద్దరూ దేశం పేరు చూసే తీర్పు చెప్పేస్తారు. పందిరి ఎవరిదో అడిగేవాళ్లు తక్కువ. పిలిచింది ఎవరు? డబ్బు ఎవరి జేబులోంచి వస్తోంది? ముందు వరసలో కూర్చునేది ఎవరు? ఏం మాట్లాడొద్దని రాయించుకుంటున్నారు? రేపు ఆ ఫొటోతో ఏం చేస్తారు? ఒకే ఊళ్లో, ఒకే వారంలో రెండు పందిళ్లు పడతాయి. మొదటిదానికి వెళ్లడం తప్పయితే, రెండోదానికి వెళ్లకపోవడం తప్పు కావచ్చు.

మన జిల్లాలకు ఇది దూరపు ముచ్చట కాదు. రాయచోటి, రాజంపేట, కోడూరు, బద్వేలు, సిద్ధవటం, కదిరి పక్క కోయిట్‌లో, అంటే కువైట్‌లో, మనిషి లేని వీధిని వెతుక్కోవాలి. ఉగాదికీ సంక్రాంతికీ అక్కడి మనవాళ్లు ఇక్కడి ఆర్కెస్ట్రా గాయకులను, మిమిక్రీ వాళ్లను, కోలాటం, చెక్కభజన బృందాలను పిలిపించుకుంటారు. కాబట్టి ఈ లెక్క పెద్ద తారలకే కాదు, జాతరలో రాత్రికి ఇంత అని పాడేవాళ్లకూ కావాలి.

పాలకుడి సొంత వేడుక

అన్నిటికంటే తేలిగ్గా తేలే సంగతి ఇది. లిబియా పాలకుడు గడాఫీ కొడుకులు, బంధువులు తమ విందులకు మరియా కేరీ, బియాన్సే, అషర్, నెల్లీ ఫుర్టాడో వంటి గాయకులను పెద్ద మొత్తాలిచ్చి పిలిపించుకున్నారు. 2011లో లిబియా వీధుల్లో జనం మీద తుపాకులు పేలాక ఆ పాత లెక్కలన్నీ బయటపడ్డాయి. 2007లో ఇటలీలోని ఒక హోటల్లో 45 నిమిషాల పాటకు 10 లక్షల డాలర్లు తీసుకున్నానని, ఆ సొమ్ము దానమిచ్చేస్తానని ఫుర్టాడో స్వయంగా చెప్పింది. తన డబ్బు హైతీ భూకంప బాధితులకు ఇచ్చేశానని బియాన్సే ప్రకటించింది. 2011 అక్టోబరులో చెచెన్యా పాలకుడు కదిరోవ్ పుట్టినరోజుకు గ్రోజ్నీ వెళ్లిన నటి హిల్లరీ స్వాంక్ తర్వాత క్షమాపణ చెప్పి, తీసుకున్న పారితోషికం దానమిచ్చేస్తానంది. డబ్బు తిరిగి ఇవ్వొచ్చు. వేదిక మీద పాలకుడి పక్కన నవ్విన ఫొటోను మాత్రం వెనక్కి తెచ్చుకోలేరు.

ఇంతకంటే నేర్చుకోదగ్గ ఉదాహరణ జెన్నిఫర్ లోపెజ్‌ది. 2013 జూన్ చివర్లో తుర్క్‌మెనిస్తాన్‌లో, కాస్పియన్ తీరాన అవాజా అనే విడిదిలో ఆమె కార్యక్రమం జరిగింది. పిలిచింది చైనా ప్రభుత్వ చమురు కంపెనీ. కాగితం మీద అది కంపెనీ కార్యక్రమం. చివరి నిమిషంలో అధ్యక్షుడికి పుట్టినరోజు శుభాకాంక్షలు పాడమన్నారు, ఆమె పాడింది. ఆ దేశంలో హక్కుల పరిస్థితి ముందే తెలిసుంటే వెళ్లేది కాదని ఆమె ప్రతినిధి తర్వాత సంజాయిషీ ఇచ్చారు. పెనుకొండలో జరిగిందే అవాజాలోనూ జరిగింది. ముందు మామూలు పాట, ఆ తర్వాత 'నా మీద ఒకటి' అన్న కోరిక. కంపెనీ పేరుతో కుదిరిన కార్యక్రమం పాలకుడి కార్యక్రమంగా మారడానికి ఒక్క నిమిషం చాలు. దీన్ని ఒప్పందంలో ఎలా అడ్డుకోవాలో కింద చూద్దాం.

ప్రభుత్వం వేసే పెద్ద పందిరి

ఇక్కడ చిక్కు ఎక్కువ. సౌదీ అరేబియా 2016లో వినోదానికని ప్రత్యేక ప్రాధికార సంస్థనే పెట్టింది. దాదాపు 35 ఏళ్ల తర్వాత 2018 ఏప్రిల్‌లో సినిమా హాళ్లు మళ్లీ తెరుచుకున్నాయి. ఆ జూన్ 24న ఆడవాళ్లకు కారు నడిపే అనుమతి వచ్చింది. ఆ అనుమతి కోసం ఏళ్ల తరబడి పోరాడిన లుజైన్ అల్ హత్‌లూల్ వంటి మహిళలను అంతకు నెల ముందే, మే నెలలో, అరెస్టు చేశారు. లుజైన్ 2021 ఫిబ్రవరిదాకా జైల్లోనే ఉంది. 2018 అక్టోబరు 2న ఇస్తాంబుల్‌లోని సౌదీ కాన్సులేట్‌లో పాత్రికేయుడు జమాల్ ఖషోగ్గీని చంపేశారు. 2022 మార్చి 12న ఒక్కరోజే 81 మందికి మరణశిక్ష అమలు చేశారు.

ఇందులో ఏదీ అబద్ధం కాదు. హాలు తెరిచిందీ నిజం, తలుపు మూసిందీ నిజం. మొదటిసారి ఆడా మగా కలిసి పాట వినే యువతీయువకుల సంతోషం నిజమైనదే, దాన్ని చిన్నచూపు చూడకూడదు. ఆ సంతోషాన్నే తెరగా కట్టి వెనక జైలును దాస్తున్నారన్నదీ నిజమే. మచ్చ మీద సున్నం కొట్టడమంటే ఇదే. క్రీడల విషయంలో ఇలాంటి విమర్శ వచ్చినప్పుడు యువరాజు మహమ్మద్ బిన్ సల్మాన్ 2023లో దాచుకోలేదు. దానివల్ల దేశ స్థూల ఉత్పత్తి ఒక శాతం పెరిగితే అదే చేస్తూ ఉంటానని చెప్పాడు.

ఇలాంటి పందిట్లో ప్రభుత్వం కొనేది పాటను కాదు, పేరును. అందుకే పేరు ఎంత పెద్దదైతే బాధ్యత అంత పెద్దది. 2019 జులైలో జెద్దాలో పాడాల్సిన నిక్కీ మినాజ్, హక్కుల సంఘం రాసిన లేఖ తర్వాత తప్పుకుంది. 2021 డిసెంబరులో జెద్దాలోనే కారు పందేల వేడుకకు వెళ్లొద్దని ఖషోగ్గీని పెళ్లాడాల్సిన హతీజే చెంగిజ్ బహిరంగ లేఖ రాసినా జస్టిన్ బీబర్ పాడాడు. అదే నెలలో సల్మాన్ ఖాన్ బృందం రియాద్‌లో ఆడింది. మన దేశంలో ఆ ప్రదర్శన గురించి ఈ కోణంలో ప్రశ్న పెద్దగా లేవలేదు. అదే 2019లో గాయకుడు మీకా సింగ్ కరాచీలో ఒక పెళ్లిలో పాడితే సినీ కార్మిక సంఘాలు నిషేధమన్నాయి, అతను క్షమాపణ చెప్పాడు. అక్కడ అడిగింది శత్రుదేశమా కాదా అని. హక్కుల ప్రశ్న వేరు. ఈ రెంటినీ కలిపేస్తే శత్రువు చేసే అన్యాయమే అన్యాయంగా కనబడుతుంది, స్నేహితుడు చేసేది కంటికి ఆనదు. మన దేశంలోనూ ఈ ప్రశ్న లేచింది. 2013 సెప్టెంబరులో శ్రీనగర్ షాలిమార్ తోటలో జర్మనీ రాయబార కార్యాలయం జుబిన్ మెహతా కచేరీ పెట్టినప్పుడు, అదే రోజు స్థానికులు దానికి పోటీగా వేరే కార్యక్రమం జరిపారు. అడిగే హక్కు ఎవరికైనా ఉంటుంది.

2025లో సెప్టెంబరు 26 నుంచి అక్టోబరు 9 వరకు రియాద్‌లో జరిగిన హాస్యోత్సవం ఈ విషయాన్ని అద్దంలో చూపించింది. పిలుపును కాదన్న హాస్యనటి అత్సుకో ఒకత్సుకా తనకు వచ్చిన షరతులను బయటపెట్టింది. దేశాన్ని, రాజకుటుంబాన్ని, మతాన్ని కించపరిచే మాట వేదిక మీద రాకూడదని అందులో ఉంది. తమ దగ్గర ఎంత పెద్దవాళ్లనైనా ఎత్తిపొడిచి పేరు తెచ్చుకున్న హాస్యగాళ్లు ఆ షరతు కింద సంతకం పెట్టి వెళ్లారు. కొందరు పారితోషికంలో కొంత హక్కుల సంస్థలకు ఇస్తామంటే హ్యూమన్ రైట్స్ వాచ్ ఆ డబ్బు తీసుకోలేమంది. ఆ ప్రభుత్వం మీదే నివేదికలు రాసే సంస్థ, ఆ ఖజానా నుంచి చేతులు మారి వచ్చే డబ్బు తీసుకుంటే రాసిన మాటకు విలువ పోతుంది. వెళ్లాక దానం చేసి లెక్క సరిచేద్దామనుకునేవాళ్లు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

బహిష్కరణ ఎప్పుడు పనిచేస్తుంది

మాట వరసకు అందరూ దక్షిణాఫ్రికా పేరెత్తుతారు. అది ఎలా నడిచిందో చూస్తే, ఏ దేశం మీద పడితే ఆ దేశం మీద ఆ సూత్రం ఎందుకు అతకదో తెలుస్తుంది.

వర్ణవివక్ష ప్రభుత్వంతో వ్యాపారం తెంచుకున్న మొదటి దేశం మనదే, 1946లో. పాత భారత పాస్‌పోర్టుల్లో దక్షిణాఫ్రికా మినహా అని రాసి ఉండేది. 1974లో డేవిస్ కప్ ఫైనల్‌కు వెళ్లి కూడా, ఎదుటి జట్టు దక్షిణాఫ్రికా అని మన టెన్నిస్ జట్టు ఆడకుండా కప్పు వదులుకుంది. సాంస్కృతిక, క్రీడా సంబంధాలు ఆపమని ఐక్యరాజ్యసమితి 1968లో తీర్మానించింది. 1980లో రచయితలు, సంగీతకారులను నేరుగా ఉద్దేశించి ఇంకో తీర్మానం చేసింది. 1983 నుంచి అక్కడికి వెళ్లి ప్రదర్శనలిచ్చినవాళ్ల పేర్లతో జాబితా అచ్చువేసింది. ఇక వెళ్లనని మాటిస్తే పేరు తీసేసేవారు. తప్పు దిద్దుకునే దారి ఉండబట్టే ఆ జాబితాకు అంత బలం వచ్చింది.

ఆ ప్రభుత్వమూ ఊరుకోలేదు. బోఫుతట్స్వానా అనే ముక్కను స్వతంత్ర దేశమని 1977లో ప్రకటించి, అందులో 1979లో సన్ సిటీ అనే విలాస నగరం తెరవనిచ్చింది. ఆ దేశాన్ని దక్షిణాఫ్రికా తప్ప లోకంలో ఎవరూ గుర్తించలేదు. మేం వెళ్లింది దక్షిణాఫ్రికాకు కాదు అని చెప్పుకోవడానికి కళాకారులకు ఒక సాకు, పెద్ద పారితోషికం, రెండూ దొరికాయి. 1981లో ఫ్రాంక్ సినాట్రా, 1984లో క్వీన్ బృందం అక్కడ పాడారు. క్వీన్‌కు బ్రిటన్ సంగీతకారుల సంఘం జరిమానా వేసింది. పందిరి పేరు మార్చి పిలిచే ఎత్తు ఆనాటిదే, ఇప్పటికీ నడుస్తోంది. 1983లో సన్ సిటీలో పాడిన రాడ్ స్టీవర్ట్, 2022 ప్రపంచ కప్పుకు ఖతర్‌లో పాడమని 10 లక్షల డాలర్లకు పైగా ఇస్తామన్నా కాదన్నానని చెప్పాడు. మనుషులు మారతారు.

ఇంతకూ దక్షిణాఫ్రికాలో బహిష్కరణ కోరింది ఎవరు? అక్కడి అణగారిన ప్రజల ఉద్యమమే. రావద్దని బాధితులే బయటి ప్రపంచాన్ని అడిగారు. అయినా అందులో నష్టం లేకపోలేదు. పాల్ సైమన్ 1985లో జోహానెస్‌బర్గ్ వెళ్లి అక్కడి నల్లజాతి సంగీతకారులతో పాటలు రికార్డు చేస్తే పెద్ద దుమారం రేగింది. బహిష్కరణ గోడకు ప్రభుత్వమే కాక, ఆ సంగీతకారులూ అటువైపే చిక్కుకుపోయారు. అది గమనించే 1987లో ఆ ఉద్యమాన్ని నడిపిన ఏఎన్‌సీ (ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్) నాయకుడు ఆలివర్ టాంబో, అందరినీ ఒకే గాట కట్టకుండా ప్రజల సంస్కృతిని వేరుగా చూడాలన్నాడు. 1991 డిసెంబరులో సమితి సాంస్కృతిక ఆంక్షలు ఎత్తేసింది, మరుసటి నెలలోనే సైమన్ అక్కడ కచేరీలు చేశాడు.

గల్ఫ్ విషయంలో మనకు ఆ సౌకర్యం లేదు. రావద్దని అడిగే సంఘం పెట్టుకునే హక్కే చాలాచోట్ల లేదు. కువైట్‌లో అమీర్‌ను కించపరిస్తే అయిదేళ్ల దాకా జైలు. యూఏఈలో 2021 నాటి సైబర్ నేరాల చట్టం కింద ఒక పోస్టు కూడా కేసవుతుంది. అక్కడి జనం నోరు విప్పలేదంటే ఒప్పుకున్నారని అనుకోకూడదు. అలాగని వాళ్లు బహిష్కరణ కోరుతున్నారని వాళ్ల తరఫున మనం చెప్పడమూ సరికాదు.

కోయిట్‌లో మన పందిరి

అందుకే మనవాళ్ల సంఘాలు జరిపే కార్యక్రమాన్ని రియాద్ పండుగతో ఒకే తూకంలో వేయలేం. అక్కడ వినేవాళ్లు ఆ వ్యవస్థ కింద నలిగేవాళ్లే. కఫాలా అంటే చాలామందికి మాట తెలుసు, మెలిక తెలియదు. మనిషి అకామా, అంటే అక్కడ ఉండే అనుమతి, కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) పేరుతో కట్టేసి ఉంటుంది. కఫీల్ ఇంటి నుంచి చెప్పకుండా బయటికొస్తే పారిపోయినట్టు కేసు పెడతాడు. ఆ క్షణం నుంచి ఆ మనిషి కల్లివల్లి, అంటే కాగితాల్లేని మనిషి. దెబ్బలు తట్టుకోలేక వచ్చినా, ఆర్నెల్ల జీతం రాక వచ్చినా పోలీసు దృష్టిలో ముందు నేరస్తుడే. ఆ తర్వాత ఔట్‌పాస్ (ఇంటికి వచ్చేందుకు ఇచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) కోసం రాయబార కార్యాలయం చుట్టూ తిరగాలి, లేదా అక్కడి ప్రభుత్వం ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ప్రకటించేదాకా ఎదురుచూడాలి.

చట్టం లేక కాదు. కువైట్ 2015లో తెచ్చిన 68వ చట్టం ఇంటిపని వాళ్లకు రోజుకు 12 గంటలు మించి పని వద్దంది, వారానికో సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు ఇచ్చింది, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదంది. 2016లో కనీస జీతం 60 దినార్లన్నారు. ఇంటి నాలుగు గోడల మధ్య ఇది అమలవుతోందా అని తలుపు తట్టి చూసేవాళ్లు లేకపోవడమే జబ్బు. 2018 ఫిబ్రవరిలో తమ దేశపు పనిమనిషి శవం బయటపడ్డాక ఫిలిప్పీన్స్ ఏకంగా కువైట్‌కు మనుషులను పంపడమే ఆపింది. హామీలు రాయించుకుని మేలో మళ్లీ పంపింది. పంపే దేశం గట్టిగా నిలబడితే కాగితం కదులుతుందని అప్పుడు తెలిసింది.

ఇప్పుడు హాల్లోకి చూడండి. కార్యక్రమం శుక్రవారం, అక్కడ అందరికీ సెలవు. టికెట్ 5 దినార్లనుకుంటే ఆ కనీస జీతంలో పన్నెండో వంతు. ముందు వరసల్లో వ్యాపారులు, ఇంజనీర్లు, వాళ్ల కుటుంబాలు. వెనక డ్రైవర్లు, రెస్టారెంట్ కుర్రాళ్లు. ఖద్దామా పని, అంటే ఇంటిపని, చేసే మన అక్కచెల్లెళ్లు మాత్రం ఎక్కడో ఒకరిద్దరే. వాళ్లకు సెలవు కాగితం మీదే ఉంటుంది, గేటు తాళం సేటు దగ్గర ఉంటుంది. మన కడప నుంచి వెళ్లిన పాట కడప ఆడమనిషికి వినబడని కార్యక్రమం అది. వెళ్లాలా వద్దా అన్న వాదన మీద పెట్టే శక్తిలో కాస్త దీని మీద పెట్టాలి. వంద సీట్లు ఉచితంగా పక్కన పెట్టమని, మంగాఫ్, మహబూలా వంటి కూలీలుండే చోట్ల నుంచి బస్సు వేయమని, వచ్చిన మరుసటి రోజు భారత రాయబార కార్యాలయ ఆశ్రయంలో ఉన్న ఆడవాళ్ల కోసం ఒక గంట పాడే ఏర్పాటు చూడమని కళాకారుడు అడగొచ్చు. పేరున్నవాళ్లు అడిగితే నిర్వాహకులు కాదనరు.

కాగితం మీద ఏముండాలి

మోసం ఎక్కువగా గొలుసులో ఉంటుంది. ఇక్కడి ఈవెంట్ మేనేజర్, అతనికి పని ఇచ్చిన దుబాయ్ కంపెనీ, దాని వెనక అసలు ఆసామి. ప్రతి మెట్టు దగ్గరా కమిషన్ ఉంటుంది, పై మెట్టు రేటు కింది మెట్టుకు తెలియకూడదు, అందుకే అసలు పేరు కాగితం మీద రాదు. కాబట్టి మొదట అడగాల్సింది రేటు కాదు, అనుమతి పత్రం నకలు. దుబాయ్‌లో ప్రదర్శనకు పర్యాటక శాఖ నుంచి పర్మిట్ ఉండాలి, సౌదీలో వినోద ప్రాధికార సంస్థ లైసెన్సు, కువైట్‌లో సమాచార మంత్రిత్వ శాఖ అనుమతి. ఆ పత్రంలో ఎవరి పేరుంటే పందిరి వాళ్లది. నకలు పంపడానికి నసుగుతున్నారంటే అనుమతి లేదని, లేదా పేరు దాస్తున్నారని.

ఒప్పందంలో ఈ రెండు వాక్యాలు తప్పకుండా రాయించండి: 'జతచేసిన అంశాల పట్టికలో లేని పాట, శుభాకాంక్ష, పొగడ్త, వీడియో సందేశం ఏ వ్యక్తి గురించైనా, పదవి గురించైనా కళాకారుణ్ని అడగరాదు. నిరాకరించినందుకు పారితోషికం తగ్గించరాదు.' అవాజా లాంటి చివరి నిమిషాలు ఈ రెండు వాక్యాలతో ఆగుతాయి. చాలా పందిళ్లలో అడిగేవాడికీ ఇది మేలే. పైవాడికి చూపించి తప్పించుకోవడానికి ఆయన చేతిలో ఒక కాగితం ఉంటుంది.

దేశాన్ని, పాలకులను విమర్శించకూడదన్న షరతు గల్ఫ్ ఒప్పందాల్లో మామూలే. వేదిక మీద ఉన్నంతసేపటికి అది ఒప్పుకోవడం మీ ఇష్టం. చూడాల్సింది దాని గడువు. 'ఒప్పంద కాలంలోనూ ఆ తర్వాతా' అని ఉంటే, ఇంటికొచ్చాక మీ ఊరి పనిమనిషికి జరిగిన అన్యాయం గురించి మీరు నోరెత్తినా షరతు తప్పినట్టే. 'ప్రదర్శన జరిగే వేదిక మీద మాత్రమే' అని మార్పించండి. ఫొటోలు, వీడియోలు ఆ కార్యక్రమం ప్రచారానికే, మూడు నెలలే అని రాయించండి. హద్దు పెట్టకపోతే మీ ముఖం పర్యాటక ప్రకటనలోకి ఎక్కుతుంది. ఆహ్వానించిన సంస్థ గానీ వేదిక గానీ మారితే జరిమానా లేకుండా తప్పుకునే హక్కు ఉండాలి.

డబ్బు సగం విమానం ఎక్కకముందే ఇక్కడి బ్యాంకు ఖాతాలో పడాలి, మిగతా సగం వేదిక ఎక్కకముందు. తిరుగు టికెట్ నంబరును ఎయిర్‌లైన్ సైట్లో మీరే సరిచూసుకోవాలి. అక్కడ మీ వీసా నిర్వాహకుడి పేరుతో ఉంటుంది కాబట్టి తగాదా వస్తే ఖద్దామా అక్క ఎంత ఇరుకులో ఉంటుందో మీరూ అంతే. ఊరికెళ్లాక ఇస్తామన్న బాకీ కోసం మళ్లీ ఆ దేశం వెళ్లి కోర్టెక్కడం జరిగే పని కాదు.

చిన్న కళాకారులకు, ముఖ్యంగా ఆడపిల్లలకు

ఇక్కడ ప్రశ్నే తిరగబడుతుంది. రికార్డింగ్ డ్యాన్సుల్లో ఆడే అమ్మాయి వెళ్తే ఏ ప్రభుత్వానికీ ప్రతిష్ఠ పెరగదు. హక్కులు పోయేది ఆమెవే. 'హోటల్లో డ్యాన్స్ ప్రోగ్రాం, మూడు నెలలు, విజిట్ వీసా' అని పిలుపొస్తే అది కార్యక్రమం కాదని మొదటే తెలుసుకోవాలి. కార్యక్రమానికి తేదీ, వేదిక, గంటలు ఉంటాయి. గెస్టుల దగ్గర కూర్చోవాలన్నా, కస్టమర్ల చేత రోజుకు ఇంత ఖర్చు పెట్టించాలని టార్గెట్ పెట్టినా, టికెట్టూ వీసా ఖర్చు జీతంలో కోస్తామన్నా అక్కడితో మాట తెంచేయాలి. విజిట్ వీసా మీద ఆడటం అక్కడి చట్టంలో దొంగపని. దాడి జరిగితే ముందు పట్టుబడేది ఆడే మనిషే, పిలిచినవాడు కాదు.

మన 1983 వలస చట్టం ఈ విషయంలో చాలామంది అనుకునేదానికంటే ముందుచూపుతో ఉంది. ఆ చట్టం పని అని చెప్పే జాబితాలో ఇంటిపని, డ్రైవరు పనితో పాటు సినిమా, ప్రదర్శన, వినోదానికి సంబంధించిన పని కూడా ఉంది. అంటే డ్యాన్సర్లను విదేశాల్లో పనికి కుదిర్చే ఏజెంటుకూ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకుండా కుదిరిస్తే రెండేళ్ల దాకా జైలు. ఏజెంటు పేరు భారత ప్రభుత్వ ఈమైగ్రేట్ సైట్లో ఉందా లేదా అని ఫోన్లోనే చూసుకోవచ్చు. అతను తీసుకోదగ్గ ఫీజు 30,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ కలిపి 35,400. అంతకు పైసా ఎక్కువడిగినా ఫిర్యాదు చేయొచ్చు. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉంటుంది. గల్ఫ్ దేశాలన్నీ కలిసిన 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వాళ్లకు అనుమతి తప్పనిసరి. ఆ దారిలో వెళితే ఒప్పందం ప్రభుత్వం దగ్గర నమోదవుతుంది, రెండేళ్లకు 275 రూపాయలు కడితే 10 లక్షల బీమా వస్తుంది. విజిట్ వీసాతో వెళ్లినవాళ్లకు ఇవేవీ ఉండవు. ఏజెంట్లు ఆ వీసా అంటగట్టేది అందుకే.

పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి అని 1967 పాస్‌పోర్టు చట్టం చెబుతోంది. నిర్వాహకుడు 'భద్రంగా పెడతాను' అంటే ఇవ్వొద్దు. అనుమానం ఉంటే బయలుదేరకముందే ప్రవాసీ సహాయ కేంద్రం 1800 11 3090కి ఫోన్ చేసి అడగండి, డబ్బు పడదు.

పెట్టె సర్దేటప్పుడు

గసగసాలు తీసేయండి. మన వంటింటి దినుసే అయినా గల్ఫ్ దేశాల్లో అవి మాదకద్రవ్యం కిందికి వస్తాయి, వాటివల్ల జైలుకెళ్లినవాళ్లున్నారు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మాత్రలు, దగ్గు మందులు ముందస్తు అనుమతి, డాక్టరు చీటీ లేకుండా తీసుకెళ్లొద్దు. ఊళ్లోవాళ్లు 'మా వాడికివ్వు' అని కుట్టి ఇచ్చిన పార్శిల్ విప్పి చూడకుండా పట్టుకెళ్లొద్దు. నిమ్మలకుంట తోలుబొమ్మల పెట్టె లాంటిది ఉంటే ఒక్కో బొమ్మకు ఫొటో, కొలత, ఏ తోలో రాసిన జాబితా మూడు ప్రతులు చేసి, పోయేటప్పుడే మన కస్టమ్స్ దగ్గర సర్టిఫికెట్ తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు సుంకం అడగరు. యూఏఈ, ఖతర్ లాంటి దేశాలకైతే ఫిక్కీ ఇచ్చే ఏటీఏ కార్నె అనే పత్రం ఇంకా మేలు. అబుదాబి, మస్కట్, మనామాలో గుళ్లున్నాయి. సౌదీలో ఇతర మతాల బహిరంగ ఆరాధనకు చోటు లేదు. హరికథ, పౌరాణిక పద్యాలతో అక్కడికి వెళ్లేముందు అంశాల పట్టిక లిఖితంగా ఆమోదం పొందాలి. యూఏఈలో ఎదుటివాళ్ల అనుమతి లేకుండా వాళ్లు కనబడేలా రీల్ తీయడం కూడా నేరమే.

వేదిక మీద ఒక్క నిమిషం

గల్ఫ్ వేదిక మీద నిలబడి కఫాలాను తిట్టడం ధైర్యమే కానీ, దాని ఫలితం హాల్లో ఉన్న మనవాళ్ల మీద, నిర్వాహకుల లైసెన్సు మీద పడుతుంది. చట్టం లోపలే చేయగలిగింది ఒకటుంది. అంశాల పట్టిక ఆమోదానికి పంపేటప్పుడే, విరామానికి ముందు 'భారత రాయబార కార్యాలయం సమాచారం, ఒక నిమిషం' అని ఒక వరస చేర్చండి. రాయబార కార్యాలయం తాజా హెల్ప్‌లైన్ నంబరును నిర్వాహకుల ద్వారా వాళ్ల దగ్గరే సరిచూసుకోండి, పాత నంబర్లు వాట్సాప్‌లో ఏళ్ల తరబడి తిరుగుతుంటాయి. చెప్పే మాట మన యాసలో, పొట్టిగా ఉండాలి. 'జీతం ఆపినా, చెయ్యి చేసుకున్నా, పాస్‌పోర్టు ఇయ్యకపోయినా ఈ నంబరుకు ఫోన్ చెయ్యండి. మీ పక్కింట్లో పనిచేసే అక్కకు కూడా చెప్పండి.' నంబరును అంకె అంకెగా, నిదానంగా, రెండుసార్లు చదవాలి.

గేటు దగ్గర బ్యానర్ మీద కూడా రాయించండి. అయితే కఫీల్ కుటుంబంతో వచ్చిన ఆడమనిషి అందరి ముందు నిలబడి నంబరు రాసుకోలేదు. ఆడవాళ్ల టాయిలెట్ల తలుపులకు లోపలి వైపు, కూర్చుంటే కంటికి ఎదురుగా వచ్చే ఎత్తులో, తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించాలి. పక్కనే చించుకుని జాకెట్లో పెట్టుకునేంత చిన్న చీటీలు, నంబరు రాసినవి, కనీసం యాభై ఉంచాలి. కార్యక్రమం అయ్యాక ఎన్ని చీటీలు మిగిలాయో నిర్వాహకుల చేత లెక్క పెట్టించండి. వచ్చే ఏడు ఎన్ని అచ్చువేయాలో ఆ లెక్కే చెబుతుంది.